నిమ్మకాయంత సంగటి

హోటళ్ళ బోర్డులు ఒకసారి వరసగా చదువుకుంటా పోండి. రాజుగారి పేరుమీద పులావు ఉండాది. రెడ్డిగారి పేరుమీద మెస్సు ఉండాది. చౌదరిగారి పేరు, నాయుడుగారి పేరు ఉండాయి. బ్రాహ్మణ భోజన హోటలు ఉండాది. అయ్యంగార్ బేకరీ వీధివీధికీ ఉండాది. మాదిగోళ్ళ మెస్సు అని రాసిన బోర్డు మీరు యాడన్నా చూసినారా? మాలోళ్ళ సంగటి అంగడి? చూసుండరు. వాళ్ళ కులం పేరు బోర్డుకెక్కితే అది రుచికి హామీ. మా కులం పేరు బోర్డుకెక్కితే ఆ పొద్దే అంగడి మూత. ఈ కాలంలో కులం యాడుందండీ అనే పెద్దమనుషులు ముందు ఈ బోర్డులకు జవాబు చెప్పల్ల.

ఈ బోర్డుల్లో కొత్తగా వచ్చింది ‘రాయలసీమ రుచులు’. హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో తెలుగోళ్ళు కాపురాలున్న ఊర్లల్లో రాగి సంగటి, నాటుకోడి పులుసు అని పెద్దక్షరాలతో రాసుంటారు. సీమ పేరు చెప్పుకొని ఎవరన్నా నాలుగు రూపాయలు సంపాదించుకుంటే నాకేం కడుపుమంట లేదు. సీమ అంటే బాంబులు, వేటకొడవళ్ళు తప్ప ఇంకేం గుర్తుకురాని సినిమావాళ్ళకంటే సంగటి గుర్తుకొచ్చినోళ్ళే నయం. నా పోట్లాట వేరే. ఆ సంగటిని ఆకలికి తినినోళ్ళు, కరువుల్లో కాపాడుకొచ్చినోళ్ళు, చేతులు బొబ్బలెక్కేటట్టు కెలికినోళ్ళు ఉండారు. వాళ్ళను పక్కకు నెట్టేసి, వాళ్ళ ముద్దను మాత్రం ఎత్తుకపోయి చిన్న ప్లేటులో పెట్టి అమ్మడం మీద నా పోట్లాట.

చిన్న ప్లేటు అని ఊరికే అనలేదు. పెద్ద ఊర్లలోని ఖరీదైన హోటళ్ళలో ఇప్పుడు ‘స్మాల్ ప్లేట్స్’ అనే పద్ధతి నడుస్తాంది. కడుపునిండా ఒక భోజనం పెట్టరు. అరచేతంత ప్లేట్లు ఒకదాని ఎనక ఒకటి వస్తాయి. కూచున్నోళ్ళందరూ తలా ఒక ముక్క పంచుకోవల్ల. స్పెయిన్ దేశంలో మందు గ్లాసుతోపాటు ఇచ్చే కొంచెం తిండిని తపాస్ అంటారు. గ్రనాడా లాంటి ఊర్లలో ఈపొద్దుటికీ గ్లాసు కొంటే ఆ ప్లేటు ఊరికే ఇస్తారు. మా నాయన కాలంలో సారాయంగట్లో ఆకులో పెట్టిచ్చే అలసంద గుగ్గిళ్ళు మాత్రం ఏంది? అదీ ఇదే గదా. మా నాయనకు తెలియని గొప్ప నాగరికత ఏం కాదు. కాకపోతే మా నాయన గుగ్గిళ్ళకు ఎవరూ ఇంగ్లీషు పేరు పెట్టలేదు, ఐదొందలు తీసుకోలేదు.

2024 డిసెంబరులో మా అన్న కొడుకు నన్ను హైదరాబాదులో అట్లాంటి హోటలుకు పిల్చుకపోయినాడు. పిల్లోడికి కంపెనీలో పెద్దుద్యోగం వచ్చింది. “అత్తా, మన సీమ సంగటి పెడతారంట రా” అన్నాడు. వాడు, వాడి పెండ్లాం, వాడి స్నేహితుడు, నేను – నలుగురం. హోటలు పేరు చెప్పను. చెప్తే తప్పంతా ఆ ఒక్క హోటలుదే అనుకొని మిగతావాళ్ళు తప్పించుకుంటారు.

లోపల వెలుతురు తక్కువ, చల్లదనం ఎక్కువ. గోడలకు చేటలు, జల్లెడలు, సంగటి కెలికే కట్టెలు తగిలించినారు. మా ఇండ్లల్లో విరిగిపోయేదాకా వాడిన సామాన్లు ఆడ గోడమీద బొమ్మలు. ఒక మూల కపిలకు కట్టే తోలుబాన కూడా ఏలాడదీసినారు. కరెంటు మోటార్లు రాకముందు ఆ బానతోనే ఎద్దులు బావిలోంచి నీళ్ళు లాగేవి. చచ్చిన గొడ్డు తోలు ఒలిచి, తంగేడు చెక్కలో నానబెట్టి, ఆ బానను కుట్టింది మాదిగోడు. ఆ నీళ్ళతోనే రెడ్ల చేన్లు పండినాయి. ఆ సంగతి తెలిసుంటే అన్నం తినే బల్ల పక్కన దాన్ని ఏలాడదీసుంటారా అని నాకు అనుమానం.

బల్లమీద ఒక అట్ట పెట్టినారు. ‘అవ్వ చేతి వంట’ అని, ‘కరువును గెలిచిన రుచి’ అని ఇంగ్లీషులో రాసినారు. ఏ అవ్వ? ఏ వాడలో అవ్వ? ఆ అట్టమీద లేదు.

ముందు ఉగ్గాణి వచ్చింది. కర్నూలులో పొద్దున్నే బండికాడ కాగితం నిండా కుప్ప పోసి, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టిచ్చే ఉగ్గాణి, ఆడ ఇత్తడి గ్లాసులో మూడు చెంచాలు వచ్చింది. బజ్జీని నాలుగు ముక్కలు కోసి దానిమీద నిలబెట్టినారు. తర్వాత కారం దోసెలు. ప్రొద్దుటూరులో ఒక్కటి తింటే నోరు మండి కండ్లల్లో నీళ్ళు తిరిగే కారం దోసె, ఈడ పూరీకంటే చిన్నది. అవీ మూడే. “నలుగురం కూచోనుండాము గదా నాయనా, మూడు తెచ్చినావేంది?” అంటే ఆ పిల్లోడు “పోర్షన్ అంతే మేడం” అన్నాడు. మూడింటిని నలుగురికి పంచడం మాకు చేతకాకపోలేదు. ఒక రొట్టెను ఆరుగురికి పంచిన ఇండ్లు మావి. కానీ అప్పుడు దుడ్లు లేక పంచుకుంటిమి. ఇప్పుడు దుడ్లిచ్చి పంచుకుంటాండాం.

చివరకు సంగటి వచ్చింది. నల్లరాతి పలకమీద మూడు ఉండలు. ఒక్కొక్కటి నిమ్మకాయంత. ఒక్కొక్కదాని నెత్తిన గోరంత కోడిముక్క. నాటుకోడి అన్నారు గానీ ఎముక లేదు. ఎముక కొరకని నాటుకోడి నేను పుట్టి ఎరగను. పులుసును కుంచెతో గీసినట్టు పలకమీద ఒక గీత గీసినారు. ఊరిబిండిని బొట్టంత పెట్టినారు. సంగటి పైన ఎండి పెచ్చుకట్టింది, లోపల చల్లగా ఉండాది. పులుసు తియ్యగా ఉండాది. ఆ పలక ఖరీదు 495 రూపాయలు. అట్లాంటి ప్లేట్లు పది తిని, నాలుగువేల ఎనిమిదొందలు కట్టి, ఆకలితో లేచినాం.

హోటల్లో కూడు బాగలేకపోవడం పెద్ద విషయం కాదు. ఉప్పు తక్కువైందని ఎవరూ వ్యాసం రాయరు. ఆ నిమ్మకాయంత ఉండ ఎనకాల ఏముందో చెప్పాలని రాస్తాండా.

సంగటి ముద్ద పెద్దదిగా ఎందుకుంటాదో ఆ హోటలోళ్ళకు తెలీదు. ఎసట్లో నూకలు ఉడికినాక పిండి కుప్పగా పోసి, నడుమ బొక్క చేసి, ఆవిరి పట్టనిచ్చి, కుండను పాదాల మధ్య ఇరికించుకొని కట్టెతో కెలుకుతారు. రెక్కలు పడిపోతాయి. తడిచేత్తో మనిషి గుప్పిట్లో పట్టనంత ముద్ద చేస్తారు. నడుమ గుంత చేసి పులుసో, ఊరిబిండో, ఏమీ లేకుంటే ఉప్పుకారమో వేసుకుంటారు. సంగటిని నమలరు, మింగుతారు. పొద్దున మింగితే పొద్దు వాలేదాకా కడుపులో నిలబడతాది. చెనక్కాయ చెట్టు పెరికేటోళ్ళకు, రాళ్ళు మోసేటోళ్ళకు, నాపరాళ్ళ గనుల్లో సుత్తి కొట్టేటోళ్ళకు అట్లా నిలబడేది కావల్ల. ముద్ద ఎంత ఉండాలో పని చెప్పింది, రుచి చెప్పలేదు. దాన్ని నిమ్మకాయంత చేస్తే అది సంగటి కాదు, సంగటి బొమ్మ.

ఇంకో మాట. సీమంతా రాగి సంగటే తింటాదని వీళ్ళకెవరు చెప్పినారో! మాది కోయిలకుంట్ల పక్క. మా అమ్మ పుట్టిల్లు జమ్మలమడుగు పక్క. రెండూ నల్లరేగడి నేలలు. ఈడ జొన్న, కొర్ర పండుతాయి. మాది జొన్న సంగటి, జొన్న రొట్టె, కొర్రకూడు. రాగి సంగటి ఎక్కువగా ఎర్రనేలల్లోది, రాయచోటి దిక్కుది. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే దొరల కంపెనీ సుంకేసుల నుంచి కడప దాకా కర్నూలు–కడప కాలువ తవ్వింది. ఆ కాలువ నీళ్ళు పారిన తరి భూముల్లో వరి పండింది. ఆ తరి ఎవరిదో వరికూడు వాళ్ళది. మెట్ట ఎవరిదో జొన్నలు వాళ్ళ గాదెల్లోవి. తరిలోనూ మెట్టలోనూ కూలి మాత్రం మాది. మాకు వరికూడు పండగపూట. రెడ్డి ఇంట్లో జీతమున్న మా చిన్నాయనకు దొడ్డివాకిట్లో పైనుంచి ఆకులోకి సంగటి జారవిడిచేవాళ్ళు. చెయ్యి తగలకుండా ముద్ద జారవిడవడం కూడా ఒక విద్యే. ఆ విద్యను వీళ్ళ అట్టమీద రాసి పెట్టుంటే నేను ఒప్పుకునేదాన్ని, ఇదే సీమ సంప్రదాయమని.

చిన్న ప్లేటు మాకు కొత్త కాదు. మాకు మొదట కొలతపెట్టి చిన్న ప్లేటు పెట్టింది ఇంగ్లీషు సర్కారు. 1876–78 ధాత కరువులో కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు పీనుగులదిబ్బలైనాయి. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లా జనంలో నాలుగో వంతుకు పైగా తరిగిపోయినారు. ఆ కరువులోనే, 1877లో, సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి కరువుపనిలో రాళ్ళు కొట్టే మొగోడికి రోజుకు ఒక పౌను గింజలు, దానిమీద కొంచెం చిల్లర చాలని తేల్చినాడు. పౌను అంటే ఇప్పటి లెక్కలో 450 గ్రాములు. మద్రాసు శానిటరీ కమీషనరు డాక్టర్ కార్నిష్ అది మనిషి బతకడానికి చాలదని గట్టిగా వాదించినాడు. ఆ ఏడాదే కొలత పెంచక తప్పలేదు. ఆ పౌను కూలిని చరిత్ర పుస్తకాల్లో ‘టెంపుల్ కూలి’ అంటారు. దాన్ని తల్చుకుని ఈపొద్దుటికీ తిడతారు. హైదరాబాదు హోటల్లో నాకొచ్చిన ఉండలో పిండి ముప్పై గ్రాములుంటాదో లేదో. టెంపుల్ దొర దానకర్ణుడని ఆ రాత్రి తెలిసింది.

1952 కరువులో గంజి కేంద్రాలు పెట్టినారు. మా అమ్మకప్పుడు ఏడెనిమిదేండ్లు. చెంబు పట్టుకొని వరసలో నిలబడేదంట. తను నిలబడినకాడ వరసలు రెండు. ఊరోళ్ళకొకటి, వాడోళ్ళకొకటి. ఊరోళ్ళ వరస అయిపోయినాక అడుగున మిగిలిన గంజిలో నీళ్ళు కలిపి వాడోళ్ళకు పోసేవాళ్ళని చెప్పేది. ‘బతికుంటే బలుసాకు తినొచ్చు’ అని మీరు సామెత చెప్తారు. మా అమ్మకది సామెత కాదు. బలుసాకు, గురుగాకు, చెంచలాకు ఉడకబెట్టుకొని తిని బతికింది. ‘కరువును గెలిచిన రుచి’ అని అట్టమీద రాసినోడికి తెలియాల్సింది ఇదే. కరువును రుచి గెలవలేదు. మా అమ్మ గెలిచింది. మా అమ్మ ఇద్దరు తమ్ముళ్ళు ఓడిపోయినారు.

ఆ సంగటి తిన్నందుకే మమ్మల్ని ఎక్కిరించినారు. బళ్ళో నా పక్కన కూచున్న పిల్లలు “నల్లముద్ద తిని నల్లగైనావు” అనేవాళ్ళు. వరికూడు తినేవాళ్ళు మనుషులు, సంగటి తినేవాళ్ళు మొరటోళ్ళు. 1983లో ఎన్.టి. రామారావు సర్కారు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు మా వాడలో పండగ. ఆ బియ్యాన్ని నేను తక్కువ చెయ్యను. ఆకలితో పండుకునే రాత్రులు తగ్గినాయి. తెల్లకూడు తింటే మేమూ మనుషులమైనామని మా వాళ్ళు అనుకున్నారు. మేము తెల్లకూడుకు వచ్చేసరికి వాళ్ళు నల్లముద్దకు పోయినారు. వాళ్ళకు షుగరొచ్చింది. డాక్టర్లు సంగటి తినమన్నారు. భారతదేశం అడిగితే ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించింది. ఆ ఏడాది కేంద్ర బడ్జెట్టులో చిరుధాన్యాలకు ‘శ్రీ అన్న’ అని పేరు పెట్టినారు. ఢిల్లీలో జి-20 విందులో దేశదేశాల నాయకులకు వాటితో చేసిన వంటలు వడ్డించినారు. చూసినారా! మా ఇంట్లో ఉన్నన్నాళ్ళు అది ‘కూడు’. వాళ్ళ ఇంటికి పోయినాక అది శ్రీ అన్నం. గింజకు శ్రీ తగిలించినారు గానీ, ఆ గింజ తిని బతికిన మా తాతను ఊర్లో ఏనాడూ ‘గారు’ అన్న పాపాన పోలేదు.

ధర సంగతి చూద్దాం. 2024–25కు కేంద్రం రాగులకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 4,290 రూపాయలు. అంటే కిలో 43 రూపాయలు కూడా లేదు. నిమ్మకాయంత ఉండలోని ముప్పై గ్రాముల పిండికి రైతుకొచ్చేది రూపాయీ ముప్పై పైసలు. మూడు ఉండలకు నాలుగు రూపాయలు వేసుకోండి. కోడికి, కట్టెకు, కరెంటుకు, బాడిగకు, జీతాలకు ఎంత తీసినా 495 యాడ, నాలుగు యాడ? ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజు కూలి 300 రూపాయలు. మా వాడలో ఆడమనిషి పొద్దంతా ఎండలో గుంత తవ్వితే ఆ పలకలో ఉండలు రెండు కూడా రావు. ఇది తెలిసీ మేం మెచ్చుకోవల్ల, మా తిండికి గౌరవం వచ్చిందని!

ఇంక ఆ ప్లేట్లల్లో లేనిదాని సంగతి. అట్టంతా వెతికినా. సీమ రుచులన్నారు గదా అని ఆ పిల్లోణ్ణి “పెద్దకూర ఉండాదా నాయనా?” అని అడిగినా. వాడికి అర్థం కాలేదు. “బర్రెకూర” అన్నా. వాడు పోయి మేనేజరును పిల్చుకొచ్చినాడు. మేనేజరు చేతులు కట్టుకొని, గొంతు తగ్గించి, పక్క బల్లోళ్ళకు వినపడకుండా చెప్పినాడు: “సారీ మేడం, మాది ఫ్యామిలీ రెస్టారెంట్.”

ఫ్యామిలీ రెస్టారెంటంట! మరి మావి కుటుంబాలు కావా? ఆదివారం పొద్దున మా నాయన తెచ్చిన కూరను మా అమ్మ కడిగి పొయ్యిమీద పెడితే, ఆరుమంది పిల్లోళ్ళం చుట్టూ కూచొని ఉడికేదాకా కాచుకోనుంటిమే, అది కుటుంబం కాదా? మిగిలిన సియ్యలకు ఉప్పు, పసుపు పట్టించి దండెంమీద ఎండబెట్టి, కాకులు ఎత్తుకపోకుండా మా అవ్వ కట్టె పట్టుకొని కాపలా కూచునేది. వానలు పడి కూలి దొరకని రోజుల్లో ఆ ఎండు సియ్యలే మాకు దిక్కు. నిప్పులమీద కాల్చి, రోట్లో దంచి, ఎండుమిరపకాయ, తెల్లగడ్డ వేసి, జొన్న సంగటిలో పెట్టుకొని తింటే ఆ రుచి ముందు ఏ నాటుకోడీ నిలబడదు. కరువును గెలిచిన రుచి ఏదన్నా ఉంటే అదీ! నాటుకోడి మా ఇంట్లో ఏడాదికి రెండుసార్లు కోసుకుంటిమి. అదీ దేవరకు. సంగటి పక్కన మేము రోజూ తిన్నదాన్ని తీసేసి, రెడ్డి ఇంట్లో తిన్నదాన్ని పెట్టి, దాన్ని సీమ రుచి అంటాండారు.

చట్టం ఒప్పుకోదని కొందరు అంటారు. 1977లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ చట్టం ఆవును కొయ్యడాన్ని నిషేధించింది. పనికిరాని బర్రెను, దున్నను అధికారి సర్టిఫికెట్టుతో కొయ్యడానికి దారి పెట్టింది. ఇదే హైదరాబాదులో కళ్యాణి బిర్యాని అమ్మే హోటళ్ళు ఎన్నో ఉండాయి. ఆ రాత్రి మా ఆకలి తీరింది అట్లాంటి చిన్న హోటల్లోనే. ఆడ బురఖాలేసుకున్న తల్లులు పిల్లోళ్ళను ఒళ్ళో కూచోబెట్టుకొని తింటాండారు. అవీ ఫ్యామిలీలే. అడ్డం చట్టం కాదు, అసహ్యం. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థులు పెద్దకూర పండగ చేసుకుంటే కొట్లాటకు వచ్చిందీ ఈ అసహ్యమే. అంబేద్కర్ 1948లోనే ‘ది అన్‌టచబుల్స్’ పుస్తకంలో ఆ మాంసానికీ అంటరానితనానికీ ఉన్న ముడి చూపించినాడు. ఆ ముడి చల్లటి హోటల్లో, నల్లరాతి పలకమీద కూడా ఊడలేదు.

మా అన్న కొడుకు నాతో వాదం పెట్టుకున్నాడు. “అత్తా, మన పక్క బల్లమీద ఎవరు కూచున్నారో మనకు తెలీదు, మనమెవరో వాళ్ళకు తెలీదు. అందరం ఒకే పలకల్లో తింటాండాం. రెండు గ్లాసుల కాలం పోలేదా?” అన్నాడు. వాడు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. మా నాయన టీ అంగడి బయట, చూరుకింద పెట్టిన తన గ్లాసును తనే కడుక్కొని తాగినాడు. వాడు సోఫాలో కూచోని తింటాండాడు. ఈ మార్పు ఊరికే రాలేదు, రక్తం పోసి తెచ్చుకున్నది. కారంచేడులో 1985లో మాదిగోళ్ళు తాగే నీళ్ళను పాడుచెయ్యొద్దన్నందుకే గదా గొడవ మొదలైంది, మనుషుల్ని నరికింది. కానీ వాడికి ఒక్క మాట చెప్పినా. “నీ పేరు అడగలేదు కాబట్టి కూచోబెట్టినారు నాయనా. నువ్వు ఏం తింటావో చెప్పినావనుకో, మేనేజరు చేతులు కట్టుకొని వచ్చినాడు చూడు, అప్పుడు నీ పేరు తెలిసిపోయింది.” మనం ఎవరిమో దాచిపెట్టుకుంటేనే దొరికే కుర్చీ మనది ఎట్లయితాది? కలిసి తిన్నంత మాత్రాన కులం చావదని అంబేద్కర్ 1936లోనే రాసినాడు. కలిసి తినడానికి మన తిండిని ఇంటికాడ వదిలేసి రమ్మంటే దాన్ని కలిసి తినడం అని కూడా అనలేము.

చేతులు కడుక్కోను పోయినప్పుడు ఎనక తలుపు తెరిచుండాది. ఒకామె నీళ్ళతొట్టికాడ ఆ నల్లపలకలు తోముతాంది. మాట వినంగానే మన దిక్కామె అని తెలిసింది. “ఏ ఊరమ్మా?” అంటే “రాయచోటి కాడ” అనింది. కరువుకు వలసొచ్చినారు. “ఈడ సంగటి బాగుండాదా?” అని అడిగినా. “సంగటి మాకు పెట్టరక్కా, మాకు అన్నం, పప్పుచారు” అనింది. “మరి నీకు సంగటి కెలకను రాదా?” అన్నా. నవ్వింది. “రాకేమి! నన్ను పొయ్యికాడికి రానిస్తే గదా.”

అవ్వ చేతి వంటంట! అవ్వ చెయ్యి తోముడుకాడ ఉండాది. 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు బడి మధ్యాహ్న భోజనం వండేవాళ్ళలో దళితులకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు ముందు అవకాశం ఇవ్వాలని చెప్పింది. నేను టీచరుగా పనిచేసిన ఒక బళ్ళో మా వాడామె వంటకు కుదిరితే ఊరోళ్ళ పిల్లోళ్ళు మూడు నెలలు ఇంటికాడ నుంచి క్యారియర్లు తెచ్చుకున్నారు. మా చేతివంట ఊరికే పెట్టినా వద్దు. మా చేతివంట అని అట్టమీద ఇంగ్లీషులో రాసి, వేరేవాళ్ళు వండితే 495.

అమెరికాలో నల్లవాళ్ళ చరిత్ర చూడండి. బానిసకాలంలో యజమానులు వదిలేసిన పందిపేగులు, పందికాళ్ళు, ఆకుకూరలు వండుకొని బతికినారు. 1960ల్లో ఆ తిండికి ‘సోల్ ఫుడ్’ అని పేరొస్తే అది నల్లవాళ్ళ నోట్లోంచే వచ్చింది. పందిపేగులు తీసేసి పేరు పెట్టలేదు, పేగులతోనే పెట్టినారు. మరాఠ్వాడాలో షాహూ పటోలే మాంగు, మహారు ఇండ్లల్లో వంటల గురించి 2015లో ‘అన్న హే అపూర్ణ బ్రహ్మ’ అని పుస్తకం రాసినాడు. అన్నం పరిపూర్ణ బ్రహ్మ అని మీరు పాడుకుంటారు, మా అన్నం అపూర్ణం అన్నాడాయన. నెత్తురు, పేగు, ఎండు మాంసం ఏదీ దాచకుండా రాసినాడు. తెలుగులో మేమూ మా వంటలు రాసుకోవల్ల. మా అవ్వ దండెంకాడ నిలబెట్టిన కట్టెనుంచి మొదలుపెట్టి రాసుకోవల్ల.

రుచుల వ్యాపారం చేసే అయ్యలారా, మీ ముద్ద ఇంకొంచెం పెద్దది చెయ్యమని నేను అడగడం లేదు. తక్కువ ధరకు పెట్టమనీ అడగడం లేదు. మీ అట్టమీద అవ్వ అని రాసినారు గదా, ఆ అవ్వ ఏ వాడామెనో రాయండి. కరువు అని రాసినారు గదా, ఆ కరువులో ఎవరు చచ్చినారో రాయండి. గోడకు తగిలించిన బాన కింద దాన్ని కుట్టిన కులం పేరు రాయండి. మీ ఎనకతలుపుకాడ పలకలు తోమే ఆమె చేతికి సంగటి కట్టె ఇయ్యండి, వంటమనిషి జీతం ఇయ్యండి. రాగులు, జొన్నలు, కొర్రలు పండించేటోడికి మద్దతు ధర మీదికి నాలుగు రూపాయలు ఎక్కువిచ్చి కొనండి. సంగటి పక్కన మేము తిన్న కూర పెట్టే ధైర్యం మీకుంటే పెట్టండి. లేకుంటే ‘రాయలసీమ రుచులు’ అని రాసుకోవద్దండి. ‘రాయలసీమ రెడ్ల రుచులు’ అని రాసుకోండి. అప్పుడు మీకూ మాకూ పేచీ ఉండదు. ఎవరి బోర్డు వాళ్ళది.

మా బోర్డు మేము రాసుకుంటాం. కర్నూలులోనో కడపలోనో బస్టాండు ఎదురుగానే రాసుకుంటాం. జొన్న సంగటి, ఎండు సియ్యలు, ఊరిబిండి. మాదిగోళ్ళ సంగటంగడి. పెద్ద ముద్ద, పెద్ద తట్ట. ఏ కులమోడొచ్చినా లోపల కూచోబెట్టి చేత్తో పెడతాం, పైనుంచి జారవిడవం. ఎవరెవరు వస్తారో, ఎవరెవరు బోర్డు చదివి పక్కసందులోకి తిరిగిపోతారో ఆ పొద్దు లెక్క తేల్చుకుందాం.